స్టెన్సిల్ అంటే పడని బావ

మా బావ సైన్‌బోర్డులు రాసే పెయింటర్. ఊళ్లో సగం కొట్ల పేర్లు ఆయన చేతి రాతే. ఒక్క మా అక్క నడిపే మొక్కల నర్సరీ గేటుకి మాత్రం బోర్డు లేదు. ఎప్పుడడిగినా "రేపు రాస్తా" అంటాడు. ఆ రేపు కోసం చూసీ చూసీ అక్క అడగడమే మానేసింది.

బావకి ముక్కు మీద కోపం. స్టెన్సిల్ అనే మాట వినపడితే చాలు, ఒంటికాలి మీద లేస్తాడు. "అట్ట కోసి రంగు పూసేవాడూ పెయింటరేనా? ప్రతి అక్షరం చేత్తో రాయాలి!" అని నా చెవులు చిల్లులు పడేలా చెప్పేవాడు. మిషన్ మీద అచ్చయ్యే ఫ్లెక్సీలొచ్చాక ఆయన్ని పిలిచేవాళ్లు తగ్గిపోయారు. డబ్బాలో కుంచెలు ఎండిపోయాయి. అరుగు మీద ఊరికే కూర్చున్న మనిషిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది.

అందుకే నేను వెళ్లే వెబ్ డిజైన్ క్లాసుకి ఆయన్నీ లాక్కెళ్లాను. చివరి రోజు అందరి ముందూ ఎవరి పేజీ వాళ్లు చూపించాలనీ, బాగా చేసినవాళ్లకి తన ఆఫీసులో పనిస్తాననీ చెప్పింది మేడం. పని అనే మాట వినగానే బావ నిటారుగా కూర్చున్నాడు.

తన పేజీకి ఆయన ఎంచుకున్నది అక్క నర్సరీ. మేడం నేర్పుతున్నదేమో కొత్త ఫ్రేమ్‌వర్క్, అంటే పేజీలు త్వరగా తయారుచేసుకునే సరంజామా. దాని కిటుకల్లా ఒకటే. మొక్క బొమ్మ, పేరు, ధర, కొనే బటన్ కలిపి ఒక ముక్కగా ఒక్కసారి రాసుకుంటే, ఎన్ని మొక్కలుంటే అన్నిసార్లూ అదే వచ్చేస్తుంది. దాన్ని కాంపొనెంట్ అంటారు.

"ఇది స్టెన్సిలే కదా మేడం?" అన్నాడు బావ, మూతి ముడిచి.

"అలాగే అనుకోండి అంకుల్."

అంతే, ఇక దాని జోలికి పోలేదు. గులాబీకి విడిగా, చామంతికి విడిగా, కలబందకి విడిగా, నర్సరీలో ఉన్న ప్రతి మొక్కకీ మొదట్నుంచీ రాసుకుంటూ పోయాడు. అదీ రెండు వేళ్లతో! పేజీ ముచ్చటగానే వచ్చింది, అబద్ధమెందుకు. నాదే అంతంతమాత్రం.

చూపించే రోజుకి ముందు సాయంత్రం అక్క తొంగిచూసింది. "బటన్ ఎర్రగా పెట్టారేంటండీ? కొనొద్దని బెదిరిస్తున్నట్టుంది. ఆకుపచ్చ చేయండి."

బావ మళ్లీ కీబోర్డు ముందు కూర్చున్నాడు. మొక్క మొక్కకీ వెళ్లి రంగు మారుస్తూ, కొన్నిటిని మరిచిపోయి, కోడ్‌లో ఎక్కడో ఒక బ్రాకెట్ చెరిపేశాడు. పేజీ మొత్తం మాయమైపోయింది. "నావల్ల కాదు. రేపు నేను రాను" అని లేచిపోయాడు. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. రాకపోతే మళ్లీ ఆ అరుగే గతి.

"బావా, బోర్డు రాసే ముందు సుద్దతో గీతలు గీసుకుంటావా లేదా?"

"గీసుకుంటా. అయితే?"

"గీతలు గీసుకున్నావని రాత నీది కాకుండా పోయిందా? ఇదీ గీతే అనుకో."

కాసేపు నన్ను గుర్రుగా చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని "జరుగు" అన్నాడు.

అంతా చెరిపేసి ఒక్క ముక్క రాశాడు. అందులో ఒక్కచోట రంగు మార్చాడు. మొక్కలన్నిటి కిందా బటన్లు ఒక్కసారిగా ఆకుపచ్చగా అయిపోయాయి. బావ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఏమేవ్, ఇలా రా! ఏ రంగు కావాలో చెప్పు!" అని కేకేశాడు. అక్క నీలమంటే నీలం, పసుపంటే పసుపు. అన్నాలు చల్లారిపోయాయి, ఎవరికీ పట్టలేదు.

మర్నాడు క్లాసులో మేడం "ధరల్ని పేర్ల పైకి తేగలరా అంకుల్?" అని పరీక్ష పెట్టింది. ఆవిడ కూర్చునేలోపే తెచ్చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. "సోమవారం నుంచి పనికి వచ్చేయండి" అంది మేడం. నేనైతే ఈల వేశాను.

అప్పుడు బావ పేజీని పైదాకా జరిపాడు. అక్కడ నర్సరీ పేరుగా అక్క పేరుంది. టైపు చేసింది కాదు, కుంచెతో కాగితం మీద రాసి ఫోటో తీసి పెట్టింది.

"ఇది మాత్రం ఒక్కటే ఉంటుంది మేడం. దీనికి స్టెన్సిల్ అక్కర్లేదు" అన్నాడు.

చూడ్డానికొచ్చిన అక్క వెనక బెంచీలో కళ్లు తుడుచుకుంది. ఆ వెంటనే "మరి గేటుకో? రేపు అన్నారంటే ఊరుకోను" అంది.

"ఇవాళే" అన్నాడు బావ.

ఇంటికి రాగానే గేటు దగ్గర నిచ్చెన వేశాడు. పట్టుకున్నది నేనే. నా నెత్తి మీద ఆకుపచ్చ చుక్కలు పడుతున్నా, అక్క పేరు పూర్తయ్యేదాకా కదలలేదు.