కొక్కెం మీద బరువు

టికియాపారాలో చెత్తబండ్లు కట్టే షెడ్డులో కోదండం పదకొండేళ్లుగా టెంపరరీ వెల్డరే. అతని తరవాత వచ్చి, పార్టీ జెండా మోయడం నేర్చినవాళ్లు ఎప్పుడో పర్మనెంటయ్యారు. ఆ ఏడు వానలకు ముందు బెంగాలీ ఫోర్‌మన్ మృత్యుంజయ దా అతనికి ఒక పని అప్పజెప్పాడు. మురుగుకాలవల పూడిక మోయడానికి ట్రాక్టరుకు తగిలించే ట్రైలర్ కట్టాలి. అది బాగా నడిస్తే పర్మనెంటు కాగితం మీద కోదండం పేరు.

కోదండం ఇరుసును సరిగ్గా తొట్టి నడిమధ్యన పెట్టాడు. అతని తండ్రి ముప్పయ్యేళ్లు చేతులతో చెత్తబండి లాగినవాడు. ఆ ఇంట్లో మంచి బండికి ఒకటే గుర్తు: లాగేవాడి చేతుల మీద బరువు పడకూడదు.

పరీక్ష రోజున ట్రాక్టరును కోదండం బావమరిది పోలయ్య నడిపాడు. కోదండం మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. రైలు పట్టాల మీది వంతెన ఎక్కుతుంటే తొట్టిలోని తడి పూడిక వెనక్కి జారింది. దిగుడు మొదలయ్యేసరికి ట్రాక్టరు వెనక చక్రాలు పట్టు వదిలాయి. ట్రైలర్ ఇటూ అటూ ఊగింది, ఊగిన ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువగా. ఎదురుగా బస్సు.

"బావా, బ్రేకేసేత్తన్నాను!"

"ఎయ్యకురా! కాలు తీసీ! రేసు మెల్లగా ఒగ్గీ!"

బస్సు తొట్టి అంచును గీరుకుంటూ పోయింది. కండక్టరు ఏడు తరాలనూ తిట్టిపోశాడు.

చదునులో బండి ఆగాక కోదండం వంగి ట్రైలర్ తగిలించిన కొక్కెం చూశాడు. వెనక పడ్డ బరువుకు ట్రైలర్ ముందు భాగం లేచి, ట్రాక్టరు తోకను పైకి ఎత్తుతోంది. మనిషి చేతులకు సుఖమైనది ఇంజనుకు పనికిరాదు. కొక్కెం మీద కొంత బరువు కూర్చోవాలి. ఇద్దరూ పారలతో పూడికను ముందుకు తోశారు. తిరుగుదారిలో బండి బుద్ధిగా వచ్చింది.

"సెప్పకు బావా. నాను ముందుకే నింపుకుంటాను. కాయితం పైకెల్లిపోనీ."

"రేపు సోములుగాడు తోల్తాడు. ఆడికేటి తెలుసురా?"

గేటు దగ్గరే మృత్యుంజయ దా, చేతిలో కాగితం. ఎలా నడిచిందని బెంగాలీలో అడిగాడు.

"ఫస్టు క్లాసు, దాదా!" అన్నాడు పోలయ్య.

నిజం చెప్పి బాగుపడ్డవాణ్ని ఆ షెడ్డులో కోదండం ఒక్కణ్నీ చూడలేదు.

"తప్పు నాది, దాదా. ఇరుసు జానెడున్నర వెనక్కి జరపాలి."

పూడిక దించగానే గ్యాస్ కట్టర్ వెలిగించాడు. తను వేసిన అతుకు మీదే మంట పెట్టాడు. వెనకాల మృత్యుంజయ దా కాగితం మడిచిన చప్పుడు వినిపించింది. కోదండం తల తిప్పలేదు. తిప్పితే కోత వంకర పోతుంది.