తడిపిన బియ్యపు రేకు

ఆమదాలవలసలో రైలెక్కేసరికి నాకు మూడో నెల. ఏం తిన్నా కడుపులో ఇమిడేది కాదు. ఆ రోజుల్లో బర్మా నుంచి కట్టుబట్టలతో తిరిగొచ్చేసిన మనవాళ్లలో ఒకావిడ నా ఎదురుగా కూర్చుంది. కాగితమంత పలచటి బియ్యప్పిండి రేకును నీళ్లలో తడిపి, మెత్తబడ్డాక కీరదోస, మామిడికాయ ముక్కలు, పుదీనా పెట్టి చుట్టింది. చింతపండు, వేరుశనగల పచ్చట్లో ముంచి నా చేతికిచ్చింది.

"తిను సెల్లెమ్మా. రంగూన్లో మా పక్కింటి వియత్నాం ఆవిడ నేర్పింది. విజయనగరంలో అమ్ముదామనుకుంతన్నాను. ఇక్కడోళ్లు తింతారో లేదోనని బయ్యంగా ఉన్నాది."

చల్లగా, పుల్లగా గొంతు దిగింది. భయంభయంగా కాసేపు చూశాను. వాంతి కాలేదు.

"ఇంకోటి సుట్టవా అప్పా?" అన్నాను, సొంత అక్కను అడిగినట్టు.

ఆవిడ ముఖం విప్పారింది. మరో రేకు తడుపుతూ, "అయితే బండెట్టేస్తాను," అంది.