అన్న రైఫిలుకు నేను ఏరిన ఎర్ర పూస

పోయినవి ముందు చెబుతాను. కొండ కింది నాలుగెకరాల చేను సాగు పోయింది. అంతకుముందు వరసగా మూడేండ్లు వేరుశనగ పంట పోయింది. మా నాయన తెచ్చుకుని, ఆయన తర్వాత అన్న పేరుకు మారిన రైఫిలు, దాని లైసెన్సు పోయాయి. అన్న ఎడమ తొడలో పిడికెడు కండ పోయింది. ఊళ్లో ఆయనకున్న పేరు పోయింది. తన కంటి మీద తనకున్న నమ్మకం పోయింది. అది ఏ కొలతకూ రాదు కాబట్టి చివర రాశాను. వీటిలో నాది ఒక్కటీ లేదు.

మా ఊరు గోనెగండ్ల దగ్గర. కాయ గట్టిపడే రోజుల్లో కొండ మీది నుంచి పందులు దిగి, ఒక్క పూటలో అరెకరం తవ్విపోసేవి. వాటికోసమే ఆ రైఫిలు. అన్న ఒక పందికి రెండు తూటాలు వాడడం నేను చూడలేదు. చుట్టుపక్కల ఐదు చేన్లవాళ్లు ఆయన గట్టు మీద కూర్చున్నాడంటే ఇంటికి పోయి నిద్రపోయేవాళ్లు.

నేను ఐదో తరగతితో బడి మానినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. బావి తవ్వితే ఎన్ని ఘనపుటడుగుల మట్టి లేచిందో, మూలలు తిరిగిన చేను ఎన్ని సెంట్లో చెప్పడానికి నన్ను పిలిచేవాళ్లు. ఊళ్లో నా అంకెను ఎవరూ రెండోసారి వేసి చూడలేదు. అందులో నాకు గర్వం ఉండేది.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పగించాలి. మా రైఫిలు నాకు తెలిసి ఆరుసార్లు పోయింది. ఆరుసార్లూ ఏదో ఒకటి తక్కువై తిరిగొచ్చింది. ఒకసారి తోలు పట్టీ, ఒకసారి మడమ దగ్గరి స్క్రూ. ఎనభైల మొదట్లో, ఆరోసారి, గొట్టం కొస మీదుండే గురిపూస విరిగిపోయి వచ్చింది. అడిగితే, మీరిచ్చిందే ఇట్లా అన్నారు. రసీదులో రైఫిలు ఒకటి అని ఉంది గానీ పూస ఒకటి అని లేదు.

అన్న నన్ను వెంటబెట్టుకుని ఆదోనికి పోయాడు. పత్తి బండ్లు ఆగే వీధి వెనక ఒక ముసలి మేస్త్రీ తుపాకులు బాగుచేసేవాడు. పని చూడకముందే ఒక విదేశీ పత్రిక తెరిచి మా ముందు పెట్టాడు. రైఫిలు మీద చిన్న గొట్టం బిగించిన బొమ్మ.

"ఈ గొట్టంలో ఎర్ర సుక్క కనపడతాది భాయ్. సుక్క యాడుంటే గుండు ఆడికే. కన్ను ఎట్ల పెట్టినా ఫరక్ లేదు."

ఇక్కడ దొరుకుతుందా అని అన్న ఆశగా అడిగాడు.

"ఈడనా? బొంబాయిలో గూడ దొరకదు. బొమ్మ సూసుకో. దానికి దుడ్డు తీసుకోనులే."

తర్వాత గుడ్డ పరిచి మూడు పూసలు పెట్టాడు. ఒకటి పాతదానిలాంటి ఇత్తడిది. ఒకటి ఎముకతో చేసిన తెల్లది. మూడోది ఇత్తడి కాడ మీద ఎర్ర గాజు. మొదటి రెండూ పాతదాని ఎత్తే. ఎర్రది మాత్రం అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ. మేస్త్రీ తెల్లదాన్ని ముందుకు తోశాడు. పందులు వచ్చేది మసక వెలుతురులో కదా, ఆ పొద్దులో ఎరుపు నల్లగా అయిపోతుందని చెప్పాడు. నా మనసులో మాత్రం ఆ బొమ్మలోని ఎర్ర చుక్కే ఉంది. అన్న నావైపు తిరిగాడు.

"నువ్వు సెప్పురా. నీ మాటే."

నేను ఎర్రది అన్నాను.

ఎత్తు తేడా వచ్చింది కాబట్టి వెనక కన్ను పెట్టి చూసే గాడి పలకను కూడా మార్చాలని, రెండు రోజులు ఉంచిపొమ్మని మేస్త్రీ అన్నాడు. ఆకురాయితో ఇంట్లోనే చేసుకుంటాను, లెక్క నాకు తెలుసు అన్నాను. ఆయన వాదించలేదు. పూస బిగించి ఇస్తూ, లెక్క లెక్కే, రెండు తూటాలు మాత్రం చెట్టుకు కాల్చి చూసుకోండి అన్నాడు.

ఇంటికొచ్చి కొలిచాను. వెనక గాడికీ ముందు పూసకూ నడుమ ఇరవై అంగుళాలు. అన్న కాల్చే దూరం నలభై గజాలు, అంటే పద్నాలుగు వందల నలభై అంగుళాలు. ఇరవైతో భాగిస్తే డెబ్బై రెండు. పూస దగ్గర ఎనిమిదో వంతు తేడా, పంది దగ్గర తొమ్మిది అంగుళాలు అవుతుంది. పూస పైకి లేచింది కాబట్టి గుండూ పైకే పోతుందనుకున్నాను. ముందు పెరిగినంత వెనక తగ్గిస్తే సరి. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని గాడిని సరిగ్గా ఎనిమిదో వంతు కిందికి అరగదీశాను.

ఆ ఏటికి అన్న దగ్గర ఏడు తూటాలు మిగిలాయి. ఒకటి చేతిలోకి తీసుకుని, కాల్చి చూద్దామా అన్నాడు.

"తూటా దండగ, అన్నా. లెక్క తప్పదు."

ఆయన నవ్వి తూటా జేబులో వేసుకున్నాడు.

మూడోరోజు తెల్లవారుతుండగా పంది దిగింది. గట్టు మీద అన్న పక్కనే ఉన్నాను. నలభై గజాలకు ఒక్క గజం అటూ ఇటూ. అన్న తొందరపడలేదు, ఊపిరి బిగబట్టి, భుజం చూసి కాల్చాడు. గుండు ముందుకాలి గిట్టకు కొంచెం పైన తగిలింది. కుంటుతూ పారిపోతుందనుకున్నాం. అది మావైపే తిరిగింది. అన్న రెండో తూటా ఎక్కించేలోగా కోర తొడలో దిగింది. పక్క చేనివాళ్లు పారలతో వచ్చి దాన్ని తరిమారు. మంచం మీద రోడ్డుకు మోసి, ఎమ్మిగనూరులో కట్టు కట్టించి, అక్కడినుంచి ఆదోని ఆసుపత్రికి చేర్చాం.

చూడ్డానికి వచ్చినవాళ్లు పండ్లు తెచ్చారు, మాటలూ తెచ్చారు. ఇన్నేండ్లు ఆయన కాపలాలో హాయిగా నిద్రపోయినవాడే మంచం పక్కన నిలబడి, "పందికి లాడం కొట్టిన మొదటి మొగోడివి నువ్వే అప్పా" అన్నాడు. అందరితో పాటు అన్న కూడా నవ్వాడు. వాళ్లు పోయాక నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"బుజం మీదనే పెట్టినా రా. అయితే ఎర్రపూస నల్లగా కనపడె. నాకు కండ్లు పోతాండాయి."

ఎరుపు ఆ వెలుతురులో ఎవరికైనా నల్లగానే కనబడుతుందని మేస్త్రీ చెప్పినప్పుడు ఆయన కూడా అక్కడే ఉన్నాడు. ఆయనకు గుర్తు లేదు. నాకుంది.

మరుసటి రోజు ఇంటికి పోయి రైఫిలును బల్ల మీద పెట్టాను. గాడిలోంచి పూస మీదుగా దారం లాగి, దారం మట్టంగా ఉండేటట్టు సర్దాను. గొట్టం మూతి నేలకేసి చూస్తోంది. ముందు పూస లేస్తే, కన్ను దానికి సరిపెట్టేసరికి గొట్టం కిందికి వంగుతుంది. నేను వెనక గాడిని ఎత్తాల్సింది. దించాను. తొమ్మిది అంగుళాలు సర్దబోయి ఇంకో తొమ్మిది కలిపాను. అంకె సరిగ్గానే వచ్చింది, దిక్కు తప్పింది.

ఆ సాయంత్రమే బస్సెక్కి చెప్పి ఉండొచ్చు. ఆ నెలలో రెండు బావుల కొలతలు నా మాట మీద నడుస్తున్నాయి. ఇదొకటి తప్పని తెలిస్తే అవీ మళ్లీ కొలుస్తారు. అంతకంటే పెద్ద కారణమేదీ లేదు. ఉందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను.

అన్న నడవగలిగాక రైఫిలు ప్రభుత్వానికి అప్పగిస్తానన్నాడు. అర్జీ నన్ను రాయమన్నాడు. చూపు తగ్గినందువల్ల అని కారణం చెప్పాడు. ఆ రెండు మాటలూ నా చేతి రాతలోనే ఉన్నాయి. ఆదోనిలో కంటి డాక్టరు పరీక్ష చేసి, దూరపు చూపు బాగుంది, అద్దాలు అక్కర్లేదు అన్నాడు. డాక్టరు మొగమాటానికి చెప్పాడని అన్న నమ్మలేదు. సంతలో అద్దాలు కొని పెట్టుకున్నాడు. వాటితో గడప తట్టుకుని పడడం నేను రెండుసార్లు చూశాను.

తుపాకి లేదని పందులకు ఎవరు చెప్పారో, మూడేండ్లు వరసగా కొండ కింది చేను మొత్తం తవ్వాయి. నాలుగో ఏడు అన్న విత్తనం వేయలేదు. ఆదోనిలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో గేటు కాపలాకు చేరాడు. తుపాకి పట్టగలిగితే జీతం ఎక్కువిస్తామని అడిగారట. నాకు చూపు లేదని చెప్పి కర్ర తీసుకున్నాడు.

ఆదోనికి పోయినప్పుడల్లా ఆయన ఇంట్లోనే తింటాను. కుంటుకుంటూ వచ్చి ఆయనే వడ్డిస్తాడు. తర్వాత పేపరు నా ఒళ్లో పెట్టి, నువ్వు సదువురా, నాకు కనపడదు అంటాడు. నేను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి వినిపిస్తాను, బస్సెక్కి వచ్చేస్తాను.

మా అన్నకు నేను ఈ రోజుకూ ఇవ్వాల్సినది ఒక్క అంకె. నలభై గజాల దగ్గర, పద్దెనిమిది అంగుళాలు, కిందికి.