స్టాపు లేని చోట ఆగిన బస్సు

ఆ సోమవారం పొద్దున ఉప్పల్ రింగ్ రోడ్డుకు కొంచెం ఇవతల, నలభై మంది ఆడవాళ్లున్న బస్సును నడిరోడ్డు మీద వదిలేసి పరుగెత్తాను. హ్యాండ్ బ్రేక్ వేశాను, ఇండికేటర్లు వేశాను, తాళం చెవి జేబులో వేసుకున్నాను. అంత కడుపు నొప్పిలోనూ ఆ మూడూ గుర్తున్నందుకు ఇప్పటికీ నన్ను నేనే మెచ్చుకుంటాను. పక్కనే ఉన్న పెట్రోల్ బంకులో బాత్రూం ఉందని నాకెవరూ చెప్పలేదు. కాళ్లే తీసుకుపోయాయి.

తిరిగొచ్చేసరికి వెనక హారన్ల మోత. "ఏందన్నా, అర్జెంట్ ఫోనొచ్చిందా?" అని ముందు సీట్లో కూర్చునే రజిత అడిగింది. అవునన్నాను. "మరి ఫోను ఈడనే పెట్టి పోయినవ్ గద" అని నా ఫోను నా చేతికిచ్చింది. బస్సంతా నవ్వు.

నేను బోడుప్పల్ నుంచి నాచారంలోని ఒక ఫ్యాక్టరీకి స్టాఫ్ బస్సు నడుపుతాను. పందొమ్మిదేళ్లయింది. చదువు పదో తరగతి దాటలేదు గానీ స్టీరింగు పట్టుకుంటే నా అంతటి వాడు లేడనిపిస్తుంది. డ్రైవరుకు కాలు విరిగితే అందరూ అయ్యో అంటారు. కడుపు కదిలితే మాత్రం నవ్వుతారు.

వారం తిరక్కుండానే అది రోజువారీ అయింది. పొద్దున ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి, నాలుగైదు సార్లు బాత్రూం. మా ఆవిడ సుజాత తప్పంతా మిర్చి బజ్జీల మీదికి నెట్టింది. బస్సులో నలభై మంది నలభై వైద్యాలు చెప్పారు. వాము, మెంతులు, దానిమ్మ తొక్క అన్నీ ఒకే రోజు వేసుకున్నాను. ఆ మర్నాడు లీవు పెట్టాను.

బస్సు రెండోసారి ఆగిన రోజు ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జ్ నన్ను పక్కకు పిలిచాడు. "దావీదూ, నీ బాధ నాకు సమజైతది. గాని నలభై మందికి పంచింగ్ లేటైతుంది. ఇంకొక్కసారి ఆగిందంటే స్టీరింగు ఇడిసిపెట్టి గేటు కాడ కూసోవాలె. ఏమనుకోకు." ఏమీ అనుకోలేదు గానీ ఆ రోజు అన్నం సహించలేదు.

పెద్ద దవాఖానాకు పోయాను. బ్లడ్ టెస్ట్, స్టూల్ టెస్ట్, గోధుమ పడుతుందో లేదో చూసే సీలియాక్ టెస్ట్, చివరికి పేగులోకి కెమెరా పంపే కొలనోస్కోపీ. దానికి ముందు తాగించే మందు గురించి నేనేమీ చెప్పను. చెబితే మీరెవరూ చేయించుకోరు, కానీ డాక్టర్ అవసరమంటే చేయించుకోవలసిందే.

"అన్నీ నార్మల్" అన్నారు గ్యాస్ట్రో డాక్టర్.

"రిపోర్టులు నార్మల్ సార్, నేను గాదు."

ఆయన నవ్వి, "ఇది ఐబీఎస్. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్. పేగుల్లో పుండు లేదు, గడ్డ లేదు. కానీ మీ బాధ నిజమే. ఏ ఫుడ్ ట్రిగర్ చేస్తుందో మెల్లగా కనుక్కుందాం" అన్నారు.

ఆ 'మెల్లగా' నాకు నచ్చలేదు. ఫోనులో ఒక ప్రకటన చూశాను. ఒక్క రక్త పరీక్షతో రెండు వందల రకాల తిండిలో ఏది పడదో చెబుతారట. చేయించుకున్నాను. బియ్యం, కందిపప్పు, చింతపండు, కోడిగుడ్డు, వెల్లుల్లి అన్నీ ఎర్ర రంగులో వచ్చాయి. పచ్చ రంగులో మిగిలినవి బాతు మాంసం, ఆలివ్ కాయలు, నోరు తిరగని పేరున్న చేప ఒకటి.

"బాతును యాడికెల్లి తేవాలె?" అని సుజాత అడిగింది. "నాగోల్ దిక్కు పోయి మూసీల పట్టుకొస్తవా?"

సొరకాయ ఆ లిస్టులోనే లేదు. కాబట్టి పది రోజులు సొరకాయే తిన్నాను. బెల్టుకు కొత్తగా రెండు చిల్లులు పొడిపించుకున్నాను గానీ నొప్పి మాత్రం అంగుళం కదల్లేదు. డాక్టర్ ఆ రిపోర్టు చూసి పక్కన పెట్టేశారు. "ఈ ఐజీజీ టెస్ట్ మీరేం తింటున్నారో చెప్తుందయ్యా, ఏది పడదో కాదు. రోజూ బియ్యం తింటే బియ్యమే వస్తుంది." బాతు ఎందుకు పచ్చగా ఉందో అప్పుడు అర్థమైంది.

ఆయన నన్ను డైటీషియన్ మేడం దగ్గరికి పంపారు. ఏం తిన్నానో, తర్వాత కడుపెలా ఉందో డైరీలో రాయమన్నారామె. ముందు రెండు వారాలు పాల వస్తువులు ఆపమన్నారు. పాలు, పెరుగు, ఐస్‌క్రీం అన్నీ మానేశాను. పెరుగు లేకుండా లేచిన ప్రతి పూటా సగం అన్నమే తిన్నట్టుండేది. అయినా కడుపు దారి కడుపుదే. పాల తప్పేమీ లేదని నేను తీర్పు చెప్పేశాను. మేడం ఒప్పుకోలేదు. డాక్టర్‌తో మాట్లాడి హైడ్రోజన్ బ్రెత్ టెస్ట్ రాయించారు.

ముందు రోజు వాళ్లు చెప్పిందే తిని, పొద్దున పరగడుపున పోయాను. తియ్యటి నీళ్లు ఇచ్చారు. లాక్టోజ్ అట, పాలలో ఉండే చక్కెర. తాగాక అరగంటకోసారి గొట్టంలో ఊదాలి. పందొమ్మిదేళ్లలో ట్రాఫిక్ పోలీసుల మెషీన్లో ఒక్కసారీ పట్టుబడని వాణ్ణి ఇక్కడ దొరికిపోయాను. పాజిటివ్. లాక్టోజ్ ఇంటాలరెన్స్.

"పాలు ఆపితే తగ్గాలి కదా. నిజంగా ఆపారా?" అని మేడం అడిగారు.

"దేవుని సాక్షిగ ఆపిన మేడం."

ఆమె డైరీ పేజీలు తిప్పారు. "మీరు టీ తాగరా?"

"తాగుత."

"మరి ఇందులో ఎక్కడా లేదే?"

"చాయ్ తినేది గాదు గద మేడం."

పక్కనే ఉన్న సుజాత నెత్తి కొట్టుకుంది. ముగ్గురం కూర్చుని లెక్క తీశాం. ఇంట్లో ఒకటి, బస్సెక్కే ముందు ఒకటి, ఫ్యాక్టరీ గేటు దగ్గర మూడు, సాయంత్రం ప్రార్థనల్లో రెండు, ఇంటికొచ్చాక మరొకటి. అన్నీ చిక్కటి పాలతోనే. మేడం పెన్ను కింద పెట్టేశారు.

ఇంట్లో, గేటు దగ్గర మానడం తేలికే. చిక్కంతా ప్రార్థనల్లోనే. మా సంఘం వాళ్లం సాయంత్రాలు ఇంటింటికీ పోయి ప్రార్థన చేస్తాం, నేను డోలక్ వాయిస్తాను. ఆమేన్ అనగానే చాయ్ వస్తుంది. మా నాయన ఊళ్లో హోటల్ బయట నిలబడి, మా వాళ్లకని విడిగా పెట్టిన గ్లాసులో చాయ్ తాగినవాడు. పట్నం వచ్చాక, "ఎవరింట్ల చాయిచ్చినా కాదనకు బిడ్డా" అని నాకు చెప్పాడు. మాలో చాయ్ వద్దంటే ఒంట్లో బాగాలేదేమో అనుకోరు. మమ్మల్ని తక్కువ చేశాడనుకుంటారు.

కొన్నాళ్లు నా గ్లాసు గుట్టుగా సుజాతకు అందించాను. "నీ కడుపు బాగుజేసుకుంట నాకు షుగర్ తెస్తవా?" అని ఆమె ఎదురు తిరిగింది.

అంతలో కాంతమ్మ ఇంటి వంతు వచ్చింది. ఆమె మా సంఘంలో పెద్దామె. అపార్ట్‌మెంట్లు ఊడుస్తుంది. ఒకటే గది. మా కోసమని మంచి పాల ప్యాకెట్లు తెచ్చి, మొదటి గ్లాసు నా చేతిలోనే పెట్టింది. తాగాను. ఆమె మళ్లీ పోసింది. మళ్లీ తాగాను.

మర్నాడు ఉప్పల్ దాటగానే బస్సు ఆగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు, రజిత కూడా. ఇన్‌చార్జ్ అన్న మాట నిలబెట్టుకున్నాడు. నా బస్సును వేరే మనిషి నా ముందు నుంచే లోపలికి నడుపుకుపోతుంటే, గేటు దగ్గర రిజిస్టరు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

"మొగమాటానికి పోతె కడుపైందంట. గట్లుంది నీ కత" అంది సుజాత. "పోయి ఆ పెద్దమ్మకు చెప్పు."

ఆ ఆదివారం పోయాను. దారంతా మాటలు కూడబలుక్కున్నాను. తీరా గుమ్మంలో నిలబడేసరికి ఒక్కటే బయటికొచ్చింది. "నాకు పాలు పడయ్ పెద్దమ్మా. నీ చాయ్ కాదన్నట్టు గాదు."

కాంతమ్మ నన్ను ఎగాదిగా చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"నాకే పడయ్ కొడుకా! పెండ్లయిన కాడికెల్లి నల్ల చాయే తాగుత. మీకు పాలు లేకుండ ఇస్తె తక్కువ జేసిందనుకుంటరని తెచ్చిన."

ఇద్దరం గడప దగ్గర కూర్చుని అల్లం వేసిన నల్ల చాయ్ తాగాం. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తర్వాతి ప్రార్థనకు ఆమె రెండు గిన్నెల చాయ్ పెట్టించింది. నల్లదే ముందు ఖాళీ అయింది.

నెల రోజులు గేటు దగ్గర కూర్చుని, డాక్టర్ దగ్గర ఉత్తరం తెచ్చి ఇచ్చాక స్టీరింగు మళ్లీ నా చేతికి వచ్చింది. జబ్బు పూర్తిగా పోలేదు. మేడం చెప్పినట్టు ఒక్కొక్కటే తిని చూస్తే, పచ్చి ఉల్లిగడ్డ కూడా ఎక్కువైతే పడదని తేలింది. చిన్న గిన్నెడు పెరుగు మాత్రం పడుతోంది. ఆ పెరుగన్నం తిన్న రోజు పండగ చేసుకున్నాను.

నాలాంటి కడుపున్న వాళ్లకు ఒకటే చెబుతాను. ఏ టెస్టుకైనా పోయే ముందు వారం పాటు నోట్లోకి పోయిన ప్రతిదీ రాయండి, మొహమాటానికి తాగింది కూడా. దాని పక్కన ఇచ్చిన వాళ్ల పేరు రాసుకోండి. డాక్టర్ కంటే ముందు మాట్లాడాల్సింది వాళ్లతోనే.