చెక్ ట్రే ఎత్తి చూశాక రాసిన ప్రపోజల్

2023 వేసవి. తోటపల్లి గూడూరు దగ్గర మా ఊళ్లో, రొయ్యల గుంటల పక్కనున్న ఇంట్లో, నేను గ్రాఫిక్ డిజైనర్‌గా స్థిరపడ్డాను. లోటల్లా ఒక్కటే, క్లయింట్లు లేరు.

ఫ్రీలాన్సింగ్ అంటే ఏ కంపెనీలోనూ చేరకుండా ఏ పనికాపని ఒప్పుకుని చేయడం. ఫలానా పనికి మనిషి కావాలని ఆన్‌లైన్‌లో లిస్టింగులు వస్తాయి. మనం ప్రపోజల్ పంపాలి, అంటే ఆ పని మనకే ఎందుకివ్వాలో చెప్పుకునే చిన్న ఉత్తరం. నాన్న గడువు పెట్టారు: ఈ పంట రొయ్యలు పట్టేలోపు ఒక్క క్లయింటైనా రావాలి. లేదంటే సూళ్లూరుపేటలో మామయ్య జిరాక్స్ షాపులో ఖాళీగా ఉన్న కుర్చీ నాది. కుర్చీ మంచిదే, తిరుగుతుంది కూడా. నాకే బొమ్మలు వేసుకు బతకాలని ఉంది.

ఇంగ్లీషులో ఉత్తరమంటే బడిలో నేర్పింది సెలవు చీటీ ఒక్కటే. అందుకే ప్రతి ప్రపోజల్నీ "గౌరవనీయులైన అయ్యా, ఈ ప్రాజెక్టు దయతో మంజూరు చేయ ప్రార్థన" అనే ధోరణిలో మొదలుపెట్టి, "తమ విధేయురాలు" అని ముగించేదాన్ని. జ్వరం వచ్చిందన్న ముక్క మాత్రం తీసేశాను. ఎవరూ జవాబివ్వలేదు. సెలవు మంజూరైనట్టే అనుకున్నాను.

ఒకరోజు వియత్నాం నుంచి లాన్ అనే ఆవిడ లిస్టింగ్ పెట్టింది. రొయ్యల రైతుల యాప్‌కి బొమ్మలు కావాలట. నేను అలవాటుగా వినయం మొదలుపెట్టాను. నాన్న వెనక నిలబడ్డారు.

"ఆయమ్మ ఏమడిగిందమ్మా?"

"రొయ్యల గుంట బొమ్మలు."

"నువ్వేం రాసినావు?"

"నేను చాలా బుద్ధిమంతురాలినని."

"అబ్బో! మేత అమ్మేవోడొచ్చి, మన గుంట చూడకుండా వాడి గొప్పలు చెప్పుకుంటే నేను కొంటానా? ముందు ట్రే ఎత్తి చూడు నాయనా అంటా. లెయ్యి, పోదాం పా."

చెక్ ట్రే అంటే గుంటలోకి దించే వల పళ్లెం. అందులో కాస్త మేత వేసి, కాసేపాగి పైకెత్తి చూస్తారు. మేత మిగిలితే తర్వాతి పూట తగ్గిస్తారు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. అయినా నా పోర్ట్‌ఫోలియోలో, అంటే నమూనా పనుల్లో, ఉన్నవన్నీ నేనెప్పుడూ తాగని కాఫీల కప్పులు.

నాన్న ట్రే ఎత్తారు. ఒక రొయ్య ఎగిరి నా ఫోన్ మీద పడింది. దాన్ని శుభసూచకం అనేవాళ్లుంటారు. నాకు స్క్రీన్ తడిసింది, అంతే. గట్టు మీదే కూర్చుని ట్రే బొమ్మ వేసి, కింద ఇలా రాశాను: "మేత మిగిలిన ట్రే, ఖాళీ ట్రే వేరువేరుగా చూపించాలా? ఖాళీ ట్రే చూస్తే మా నాన్న నవ్వుతారు. మిగిలింది చూస్తే ఆ పూట మాట్లాడరు." విధేయురాలు లేకుండానే పంపేశాను.

సాయంత్రానికి జవాబు. "రెండూ కావాలి. మాట్లాడని మీ నాన్నగారి బొమ్మ కూడా వేయగలరా?"

నాన్నకి చదివి వినిపించాను. "గడ్డం చేసుకొనొస్తా, ఆగమను," అన్నారు.

రొయ్యలు పట్టేనాటికి ఆ యాప్‌లో నాన్న మొహం చిటపటలాడుతూ ఉంది, లాన్ రెండో పని కూడా ఇచ్చింది. ఇప్పుడు ఏ లిస్టింగ్ చూసినా నా గుణగణాలతో మొదలుపెట్టను. ముందు వాళ్ల ట్రే ఎత్తి చూస్తాను. అడగడానికి ఒక్క ప్రశ్నయినా దొరికితేనే రాస్తాను. అన్నిటికీ జవాబులు రావు, కానీ వచ్చేవి వస్తున్నాయి.

మామయ్య కుర్చీ ఇంకా ఖాళీయే. అప్పుడప్పుడు ఫోన్ చేసి, బాగా తిరుగుతోందని చెబుతుంటాడు.