తిరిగి ఇచ్చేద్దామని తొర్రూరు తీసుకుపోయిన టర్బో కారు

మా ఇల్లు వరంగల్ కాశిబుగ్గలో. మా ఆయన తువ్వాళ్లు, జంపఖానాలు మూటలు కట్టి చుట్టుపక్కల ఊళ్ల సంతల్లో అమ్ముతారు. బైకు మీద ముందొక మూట, వెనకొక మూట పెట్టుకుంటే ఇక నాకు చోటుండదు. పెళ్లయినప్పటి నుంచి ఆయనతో ఒక్క సంతకు కూడా పోలేదు. అందుకే తొర్రూరులో ఉండే బావ, అంటే మా ఆయన పెదనాన్న కొడుకు, తన కారు అమ్ముతానన్నప్పుడు ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే. కారుంటే మూటలు డిక్కీలో పోతాయి, నేను ముందు సీట్లో పోతాను. "వారం నడుపుకో తమ్మీ. నచ్చితే ఉంచుకో, లేకుంటే ఆదివారం తెచ్చి ఇచ్చెయ్" అన్నారు బావ. ఆ ఆదివారం ప్రయాణం గురించే ఇది. పాత టర్బో పెట్రోలు కారు కొనాలనుకునేవాళ్లకు, ఈ దారిలో పోయేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు కారు సంగతి చెప్తాను. నా చదువు తక్కువే గానీ, కారుతో వచ్చిన పుస్తకం తిప్పి, ఫోన్లో తెలుగు వీడియోలు చూసి కొంత తెలుసుకున్నాను. ఇంజన్ లీటరుది, సిలిండర్లు మూడే. అయినా బలం నూట ఇరవై గుర్రాలకు దగ్గర. ఇంత చిన్న ఇంజన్‌కు అంత బలం టర్బో వల్ల వస్తుంది. అది నత్తగుల్ల ఆకారంలో ఉండే లోహపు డబ్బా. ఇంజన్ నుంచి బయటికి పోయే వేడి పొగ దాంట్లో ఒక చక్రాన్ని తిప్పుతుంది, దానికి జతగా ఉన్న రెండో చక్రం బయటి గాలిని గట్టిగా లోపలికి తోస్తుంది. గాలి ఎంత ఎక్కువ పోతే అంత ఎక్కువ పెట్రోలు మండి, అంత ఊపు వస్తుంది. ఆ చక్రం బాగా తిరిగేదాకా కారు కొంచెం బద్ధకంగా ఉంటుంది. తర్వాత మాత్రం ఎవరో వీపు మీద చెయ్యి పెట్టి ముందుకు తోసినట్టే. మొదటి రోజు ఆ తోపు తగలగానే నేను "అమ్మో" అని అరిచి, సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. మైలేజీ ఊళ్లో లీటరుకు పన్నెండు, బయట రోడ్డు మీద పదిహేడు దాకా వచ్చింది.

ఆ ఊపు రెండు రోజులే ఉంది. బుధవారం నుంచి ఎంత తొక్కినా కారు లేవడం లేదు. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఆటోలు కూడా మమ్మల్ని దాటిపోయాయి. మా ఆయన ముఖం మాడిపోయింది. "టర్బో పోయినట్టుంది. కొత్తది వేపిచ్చుడంటే మన బతుకంతా దానికే పెట్టాలె. ఆదివారం ఇచ్చేద్దాం" అన్నారు. నేను తలూపాను గానీ ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆదివారం పొద్దున ఏడు గంటలకు బయల్దేరాం. మా ఆయన, నేను, వెనక సీట్లో అత్తమ్మ. తొర్రూరు సుమారు యాభై కిలోమీటర్లు. గంటన్నర పెట్టుకుంటే ఏ తొందరా లేకుండా చేరొచ్చు. వెయ్యి రూపాయల పెట్రోలు పోయించాం, అది రానూపోనూ సరిపోయి ఇంకా మిగిలింది. ఎలాగూ ఇచ్చేసే కారు, ఒక్కసారి ఖిలా వరంగల్ వైపు తిప్పుదామని నేనే అడిగాను. కోట మట్టిగోడ సందులోంచి కారు పోతుంటే చాలా బాగుంటుంది. దారి ఇరుకు, మలుపులు ఎక్కువ, ఎదురుగా మేకలమంద వస్తే ఆగాల్సిందే. పొద్దున్నే పోతే తోరణాల దగ్గర జనం ఉండరు. మేము దిగలేదు, కిటికీలోంచే చూసుకుంటూ మామునూరు మీదుగా ఖమ్మం రోడ్డెక్కాం.

రోడ్డు బాగుంది, కారే బాగాలేదు. మా వెనక వడ్ల బస్తాల లారీ హారన్ మీద హారన్ కొడుతోంది. "దానికి దారియ్యి కొడుకా, మనం ఎడ్లబండి లెక్క పోతాన్నం" అంది అత్తమ్మ. వర్ధన్నపేటలో టిఫిన్‌కు ఆపాం. మా ఆయన టక్కున ఇంజన్ ఆపబోతే నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"జర ఒక్క నిమిషం ఉంచుండ్రి. రోడ్డు మీద దూరం నడిచినంక టర్బో కాలిపోతాంటది. ఇంజన్ తిరుగుతాంటెనే నూనె దాన్ని చల్లగ చేస్తది."

"ఇచ్చేసే బండికి గింత సేవనా?" అని నవ్వారు గానీ ఆపకుండా ఉంచారు.

బస్టాండు దగ్గరి బండి మీద వేడి ఇడ్లీ, పల్లి చట్నీ తిన్నాం. ముగ్గురికి కలిపి తొంభై రూపాయలు అయింది. చట్నీ మళ్లీ మళ్లీ పోసింది ఆ అక్క. రోడ్డుకు అటువైపు రేకుల షెడ్డులో ఒక మెకానిక్ కనిపించాడు. "ఒక్కసారి చూపిద్దాం" అన్నాను. "చూపిచ్చి ఏం చేస్తం? పోయి ఇచ్చుడే కద" అన్నారు మా ఆయన. ఇంకో రోజైతే అక్కడే ఊరుకునేదాన్ని. ఆ రోజు మాత్రం ప్లేటు పక్కన పెట్టి, ఒక్కదాన్నే రోడ్డు దాటి పోయాను. పరాయి మనిషితో అంతసేపు మాట్లాడటం నాకు అదే మొదలు.

"అన్నా, టర్బో బండి. రెండు దినాలు మంచిగ ఉరికింది, ఇప్పుడు గుంజుతలేదు."

"పొగ వస్తాందా చెల్లె? నీలం రంగుల?"

"లేదన్నా."

"తొక్కితే బుస్సుమని పాము లెక్క సప్పుడు?"

"అది గూడ లేదు."

అతను చేతులు తుడుచుకుని నాతో కారు దగ్గరికి వచ్చాడు. అతని పేరు సలీం. నీలం పొగ వస్తే టర్బోలోంచి నూనె కారి మండుతున్నట్టు, బుస్సుమంటే గాలిగొట్టం పగిలినట్టు, బండి కుదుపుతుంటే పెట్రోలు అంటించే ప్లగ్గులో, వాటికి కరెంటిచ్చే కాయిల్సో పోయినట్టు అని నాకు చెప్పుకుంటూనే ఇంజన్‌లో నూనె కొలిచే పుల్ల తీసి చూశాడు, గొట్టాలన్నీ వేలితో తడిమాడు. ఏ తప్పూ దొరకలేదు. అప్పుడు కారు ముందుకు వచ్చి నిలబడి, గ్రిల్లు కేసి చూసి, "ఈ దండ ఎప్పటిది?" అన్నాడు.

బంతిపూల దండ. కారు ఇంటికి వచ్చిన రోజే అత్తమ్మ భద్రకాళి గుడి దగ్గర పూజ చేయించి, మధ్యమధ్య మామిడాకులు పెట్టి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మూడు వరుసలు కట్టించింది. దాన్ని మనం తీయకూడదు, దానంతట అదే రాలిపోవాలని పట్టు. వారం ఎండకు పూలన్నీ పొడిపొడి అయిపోయాయి.

సలీమన్న బానెట్ కింద గాలి ఫిల్టరు డబ్బా మూత విప్పాడు. లోపల ఫిల్టరు కనిపిస్తే ఒట్టు. ఎండిన రేకులు, దారప్పోగులు, రెండు మామిడాకు ముక్కలు కుక్కి కుక్కి ఉన్నాయి. గాలి పీల్చుకునే గొట్టం మూతి సరిగ్గా గ్రిల్లు వెనకే ఉంది. కారు పరిగెత్తినప్పుడల్లా దండను కొంచెం కొంచెంగా మింగింది.

"అమ్మా, ఊపిరాడక సస్తాంటే ఇది ఉరుకుమంటే ఎట్ల ఉరుకుతది? మీరు దీని ముక్కుల పూలు పెట్టిండ్రు" అన్నాడు సలీమన్న.

అందరం అత్తమ్మ వైపు చూశాం. ఆమె తొణకలేదు. "నన్నెందుకు చూస్తుండ్రు? అమ్మవారి పూలు, తింటే తిన్నది. బండికి ఏమన్న అయ్యిందా?" అంది. మా ఆయన కారుకు ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వారు. బుధవారం నుంచి ఆయన అంత మనసారా నవ్వడం అప్పుడే చూశాను.

పాత ఫిల్టరు దులిపినా మళ్లీ పనికిరాదని కొత్తది తెప్పించి వేశాడు. ఫిల్టరు, పని కలిపి ఏడు వందలు అయింది. దండ తీస్తుంటే అత్తమ్మ రాలకుండా మిగిలిన ఒక్క పువ్వు తుంచి కొంగున కట్టుకుంది. వర్ధన్నపేట దాటాక మా ఆయన నెమ్మదిగా తొక్కారు. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత వీపు సీటుకు అతుక్కుంది! పొద్దుటి వడ్ల లారీ కూడా ఎక్కడో ఆగి బయల్దేరినట్టుంది, ముందర పోతుంటే ఒక్క ఊపులో దాటేశాం. "మెల్లగ, మెల్లగ కొడుకా!" అని వెనక నుంచి అత్తమ్మ కేకలు. నేను మాత్రం లోలోపల ఇంకా, ఇంకా అనుకుంటున్నాను. రాయపర్తి ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో తెలియలేదు.

తొర్రూరు చేరేసరికి పదింబావు. బావ వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నారు, పక్కన ఒక పత్తి వ్యాపారి. మేము తిరిగి ఇచ్చేస్తామని ఫోన్లో ముందే చెప్పాం కాబట్టి, బావ ఆయన్ను పిలిపించారు. బేరం కూడా అయిపోయిందట, తాళం ఇవ్వడమే మిగిలింది. "రా తమ్మీ, బండి నచ్చలేదంటివి కద, వీళ్లు తీస్కపోతరు" అన్నారు బావ. మా ఆయన తాళం చేతిలో పట్టుకుని నిలబడిపోయారు. అన్న మాట ఒకటి, మనసులో ఉన్నది ఇంకొకటి. నా వైపు చూశారు.

బావ ముందు నేను ఎప్పుడూ తల ఎత్తి మాట్లాడింది లేదు. అయినా అన్నాను, "బావా, వారం నడుపుకోమన్నరు. ఇయ్యాల మునిమాపు దాక ఆ వారం మాదే. బండి మేమే ఉంచుకుంటం."

బావ ఆశ్చర్యపోయి మా ఆయన్ను చూశారు. "ఏందిరా, మరదలికి మాటలు వచ్చినయా?"

"టర్బో తిరిగేదాక జర టైం పడ్తదన్నా" అన్నారు మా ఆయన.

పత్తి వ్యాపారి మొదట ముఖం ముడుచుకున్నా, దండ కథ వినగానే గట్టిగా నవ్వి, చాయ్ తాగి వెళ్లిపోయారు. మధ్యాహ్నం కోడికూర తిని, మూడు గంటలకు కాశిబుగ్గకు తిరిగి బయల్దేరాం.

ఈ ప్రయాణం తర్వాత నాకు ఒకటి అర్థమైంది. చెడిపోయిందని మనం తేల్చేసిన వాటిలో చాలావాటికి ఏమైందో మనం ఎన్నడూ మూత తీసి చూడం. పెద్ద ఖర్చు పేరు వినగానే భయపడి వదిలేసుకుంటాం. ఒక మాట అడగడానికి మొహమాటపడితే, ఆ కారు ఇప్పుడు ఇంకెవరి ఇంటి ముందో ఉండేది. మొన్న బుధవారం డిక్కీ నిండా మూటలతో మొదటిసారి సంతకు పోయాను. తువ్వాలు మడతలు విప్పి చూపించడం నాకు బాగానే వచ్చింది. పాత టర్బో కారు చూడటానికి పోయేవాళ్లు ఒక్క పని చేయండి. మీరు వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకు ముందే చెప్పి పొద్దున్నే పోండి, చల్లటి ఇంజన్ స్టార్ట్ అవుతుంటే వెనక నిలబడి పొగ నీలంగా వస్తుందేమో మీ కళ్లతో మీరే చూసుకోండి.