మూడు కాళ్ల గుర్తు

నా చిన్నప్పుడు మా ఊరి బడికి ఏడాదికొకసారి డాక్టరు వచ్చి పిల్లల పళ్లు, గోళ్లు, తల, కళ్లు చూసి వెళ్లేవాడు. నేను మూడో తరగతిలో ఉన్న ఏడు ఆయన వస్తున్నాడని తెలిసి భయపడింది నేను కాదు, మా మేనత్త. నాకు నల్లబల్ల మీద రాసింది కనపడేది కాదు. ఆ సంగతి ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు.

మా అత్త ఆ బడిలోనే ఊడ్చే పని చేసేది. కళ్లు చూడటానికి డాక్టరు గోడకు తగిలించే అట్ట పెద్దసారు గదిలో బీరువా వెనకే ఉండేది. అక్షరాలు రాని పిల్లల కోసం దాని మీద ఇంగ్లీషు E లాంటి మూడు కాళ్ల గుర్తు ఒకటే ఉంటుంది, తలోవైపు తిరిగి, పైనుంచి కిందికి చిన్నదవుతూ. కాళ్లు ఎటు తిరిగితే అటు చెయ్యి చూపాలి. ముందురోజు బడి తెరవకముందే అత్త నన్ను ఆ అట్ట ముందు నిలబెట్టి, వరసంతా నా చేతికి నేర్పింది. తప్పితే తొడ మీద గిల్లేది.

"కండ్లద్దాలు పెట్టుకున్న పిల్లను ఎవురు చేసుకుంటార్మే? నా కొడుక్కు నేనే చేసుకోను," అంది.

మర్నాడు డాక్టరు కర్రతో పైనుంచి వరసగా చూపాడు. నాకు కనిపించింది మసక మాత్రమే. చెయ్యి ఒక్కటీ తప్పలేదు. చూపు బాగుందని ఆయన రాసుకుంటుంటే అత్త గుమ్మం దగ్గర చీపురు పట్టుకొని నవ్వింది.

ఆ రాతే నన్ను కొట్టింది. అంతవరకు సారుకు కాస్త అనుమానం ఉండి నన్ను ముందు వరసలో కూర్చోబెట్టేవాడు. ఆ తరవాత వెనక్కి పంపాడు. బల్ల మీది రాత చదవలేకపోతే, "కండ్లు బాగుండాయని డాక్టరే రాసినాడు, నీకుండేది ఒళ్లు బలుపు," అని బెత్తం తీసేవాడు. ఏడాది తిరగకముందే బడి మానేశాను. పెద్దయ్యాక అత్త కొడుకు వేరే పిల్లను చేసుకున్నాడు. ఆ పెళ్లిలో వడ్డన చేసింది నేనే.

ఇప్పుడు నేను ఖతర్‌లో, అల్ హిలాల్‌లో ఒక తెలుగువాళ్ల ఇంట్లో పనిచేస్తున్నాను. మూడేళ్ల కిందట వస్తున్న కారు చూడకుండా రోడ్డు దాటబోయానని మేడం నన్ను అల్ సద్‌లో కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. చదువు రాదని చెబితే అక్కడా అదే గుర్తు చూపారు. నా చెయ్యి నన్నడక్కుండానే లేచింది, పైకి, కుడికి. తొడ మీద ఆనాటి గిల్లుడు చురుక్కుమంది. చెయ్యి దించి ఒళ్లో పెట్టుకున్నాను. కనపడలేదన్నాను. డాక్టరుతో ఆ మాట అనడం నాకు అదే మొదలు.

అద్దాలొచ్చాక సెలవు రోజైన శుక్రవారాలు మేడం దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. ఇది నా చేత్తోనే రాస్తున్నాను. అత్తది ప్రేమేనని మావాళ్లు ఇప్పటికీ అంటారు. కావచ్చు. నేను మాత్రం ఆమెను క్షమించలేదు, క్షమించను కూడా.

మొన్న మేడం కూతురి బడి నుంచి కాగితం వచ్చింది, పిల్లల కళ్లు చూస్తారట. టీవీకి ముక్కు ఆనించి కూర్చునే పిల్ల అది. నా దగ్గరికొచ్చి, "ఏం చెబితే పాసవుతాను ఆంటీ?" అని అడిగింది.

"కనపడకుంటే కనపడలేదని చెప్పు మా. ఎవురికీ భయపడాకు," అన్నాను.

ఆ అట్ట ముందు నిలబడిన పొద్దు నుంచి నాకు మిగిలింది ఆ ఒక్క మాటే. ఏ పిల్లకైనా నేను నేర్పేది అదొక్కటే.